పాత బండి ఫెయిరింగ్: విరక్కుండా విప్పడం, ఊడిపోకుండా బిగించడం ఎలా

ఎయిర్ ఫిల్టర్ మార్చడం పది నిమిషాల పని. ఒంటి నిండా ఫెయిరింగ్, అంటే ప్లాస్టిక్ తొడుగు ప్యానెళ్లు, ఉన్న పాత టూరింగ్ బండి అయితే ఆ ఫిల్టర్ దాకా వెళ్లడానికే గంటన్నర, మళ్లీ అన్నీ మూసేసరికి ఇంకో రెండు గంటలు. మధ్యలో ఒక్క స్క్రూ తల అరిగిందా, ఆదివారం హుళక్కి. 2009లో వచ్చిన కరిజ్మా జెడ్ఎంఆర్ కావచ్చు, 2011లో మన దేశంలో దిగిన సీబీఆర్ 250ఆర్ కావచ్చు, మీరు సెకండ్ హ్యాండ్‌లో ముచ్చటపడి కొన్న ఇంకేదైనా కావచ్చు. వయసు పైబడిన ఏ బండికైనా కథ ఇదే.

నాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు బండి సీటు దాకా నీళ్లలో నిలబడింది. వరద తీశాక అందరం ఇంజిన్ల మీద పడ్డాం. ఆయిల్ మార్చాం, మళ్లీ మార్చాం, ప్లగ్గు ఆరబెట్టాం. స్టార్ట్ అయింది కదా అని సంబరపడ్డాం. స్క్రూల సంగతి ఎవడికీ గుర్తులేదు. ఆరు నెలలకి ఫెయిరింగ్ విప్పబోతే పదహారు స్క్రూల్లో ఏడు కదల్లేదు. కింద రాసినదంతా ఆ ఏడింటి దగ్గరా, ఆ తర్వాత నేను నా చేతులతో విరగ్గొట్టుకున్న రెండు ప్యానెళ్ల దగ్గరా నేర్చుకున్నది.

ఒకటి ముందే చెప్పాలి. ప్యానెల్ తనంతట తాను విరగడం నేను పెద్దగా చూడలేదు. ఎక్కడో ఒక స్క్రూ ఊడి పడిపోయి ఉంటుంది. దాని బరువు కూడా పక్కవాటి మీద పడి, వైబ్రేషన్‌కి ప్యానెల్ చెవి (స్క్రూ బెజ్జం ఉండే కొస) తెగుతుంది. లేదంటే ఎవరో ఒళ్లు దాచుకోకుండా బిగించి ఉంటారు. అందుకే ఇక్కడ ప్లాస్టిక్ కంటే స్క్రూల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు రోజు రాత్రి

పని పొద్దున అనుకుంటే, మొదలుపెట్టాల్సింది ముందు రోజు రాత్రి. బండి చుట్టూ తిరిగి ప్రతి స్క్రూ, ప్రతి క్లిప్పు ఎక్కడుందో చూసుకోండి. ఎలన్ కీ పెట్టే బెజ్జాల్లో మట్టి గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పిన్నీసుతో పూర్తిగా గీకి తీయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, తలలు అరిగిపోవడానికి సగం కారణం ఇదే. కీ అడుగు దాకా దిగదు, పైపైన పట్టుకుని అంచులు కోసేస్తుంది.

తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్, అంటే తుప్పులోకి ఇంకే పలచటి నూనె. డబ్బాతో స్ప్రే కొట్టకండి. మందుల షాపులో సిరంజి కొని ఒక్కో స్క్రూకి రెండు చుక్కలు వేయండి. కొన్ని స్ప్రేలు పాత ప్లాస్టిక్‌కి పడవు, వైజర్‌కి అసలు పడవు. చుక్క అటూఇటూ జారితే తుడిచేయండి. వీలైతే ప్యానెల్ వెనక నుంచి, థ్రెడ్ బయటికి వచ్చే వైపు వేయండి. తుప్పు ఉండేది అక్కడే. డబ్ల్యూడీ-40 పుట్టింది నీళ్లని తోలేయడానికి, దాని పేరులో మొదటి రెండక్షరాల అర్థం కూడా అదే. అది వేసినా నష్టం లేదు, కాకపోతే మొండి తుప్పుకి పెనెట్రేటింగ్ ఆయిల్ అని విడిగా అమ్మేదే మేలు. ఏది వేసినా రాత్రంతా వదిలేయండి. అసలు పని చేసేది ఆ టైమే.

సామాన్లు

మన దగ్గర స్టార్ స్క్రూడ్రైవర్ అంటే ఒకటే అనుకుంటాం. జపాన్ డిజైన్ బళ్ల మీద ఉండే ప్లస్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ వాళ్ల ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ మొన అందులో అడుగు దాకా కూర్చోదు, కాస్త బలం పెట్టగానే పైకి లేచి గాడి తినేస్తుంది. కొన్ని స్క్రూ తలల మీద చిన్న చుక్క ఉంటుంది, అది జేఐఎస్ గుర్తు. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఫిలిప్స్ స్క్రూలకి కూడా సరిపోతుంది కాబట్టి కొంటే అదే కొనండి. నంబర్ 2, నంబర్ 3 రెండూ కావాలి.

ఎలన్ కీలు మంచివి కొనండి. గుండ్రటి మొన ఉన్న ఎలన్ కీతో బిగిసిన స్క్రూని కదిలించకండి, అది వదులయ్యాక తిప్పడానికి మాత్రమే. 8, 10 ఎంఎం టీ స్పానర్లు, ఒక గ్రిప్ ప్లైయర్, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే చాలు.

ఇంకోటి, పాత ఇడ్లీ ప్లేటు. గుంటకో ప్యానెల్ స్క్రూలు. ఒకే ప్యానెల్‌కి 12 ఎంఎం, 20 ఎంఎం పొడవులు రెండూ ఉంటాయి. పొట్టి దాని చోట పొడవుది పెడితే లోపల వైరునో రేడియేటర్నో పొడుస్తుంది. అందుకని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. మా ఇంట్లో ప్లేటు తిరిగి వంటింట్లోకి రానివ్వలేదు, అందుకే అది ఇప్పుడు శాశ్వతంగా నాది.

విప్పడం

పొద్దున్నే నీడలో మొదలుపెట్టండి. బ్యాటరీ దగ్గర పని ఉంటే ముందు నెగెటివ్ వైరు తీసేయండి.

ప్రతి స్క్రూనీ విప్పే ముందు ఒక వెంట్రుకవాసి బిగించండి. వింతగా ఉంటుంది కానీ తుప్పు పట్టు తెగేది ఆ కదలికతోనే. తర్వాత పావు తిప్పు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్లీ విప్పండి. మధ్యలో గట్టిపడితే ఆగి, ఇంకో చుక్క ఆయిల్ వేయండి. బలం పెట్టాలనిపించిన ప్రతిసారీ లేచి టీ తాగి రండి. నేను టీ తాగని రోజే బోల్టు తెగింది.

అయినా కదలకపోతే, తెలివిగా పోవాలి. ముందు స్క్రూ తల మీద పాత స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు నిటారుగా వేయండి. ప్లాస్టిక్‌కి దెబ్బ తగిలే చోట అయితే వద్దు. లోహపు బ్రాకెట్ వెనక ఉంటేనే ఇది. అదే చోట ఇంపాక్ట్ డ్రైవర్ కూడా వాడొచ్చు. అల్యూమినియం బ్రాకెట్ అయితే వేడి కూడా పనిచేస్తుంది. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. కానీ మంట పెట్టే ముందు ప్యానెల్ తీసి ఉండాలి, పెట్రోల్ ట్యాంక్ దించి దూరంగా పెట్టి ఉండాలి. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి.

గాడి అప్పుడే అరగడం మొదలైతే, వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు కొంచెం బిట్ మొనకి రాయండి. ఆ ఇసుక రేణువులు పట్టు ఇస్తాయి. మధ్యలో రబ్బరు బ్యాండ్ పెట్టి తిప్పమని చాలామంది చెబుతారు. నాకు ఒక్కసారీ పనిచేయలేదు. ఎలన్ గుంత గుండ్రమైపోతే కాస్త పెద్ద టార్క్స్ బిట్‌ని (ఆరు కొనల నక్షత్రం మొన ఉండేది) సుత్తితో లోపలికి దిగ్గొట్టి తిప్పడం వీటన్నిటికన్నా నమ్మకమైన దారి.

అదీ అవకపోతే తల కోసేయడమే. 6 ఎంఎం స్క్రూకి 6 ఎంఎం డ్రిల్ బిట్‌తో తల మధ్యలో నిదానంగా దింపితే తల ఊడి వస్తుంది. ఎలన్ గుంత మీ బిట్‌ని మధ్యలో పట్టి ఉంచుతుంది. తల పోగానే ప్యానెల్ జారి బయటికి వస్తుంది, మిగిలిన మొండెం మీద ఒత్తిడి పోతుంది. చాలాసార్లు దాన్ని గ్రిప్ ప్లైయర్‌తో పట్టుకుంటే చేతితో తిరిగినంత సులువుగా వచ్చేస్తుంది. ముందే తల తీసేసి ఉంటే గంట కలిసొచ్చేది కదా అనిపిస్తుంది.

మొండెం లోపలే తెగితే మాత్రం ఇంట్లో పోరాడకండి. నా ఏడింటిలో రెండు ఇలా అయ్యాయి. జవహర్ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి బ్రాకెట్ పట్టుకెళ్లాను. పెద్దాయన మొండెం మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చుక్క వేశాడు, ఎర్రగా ఉన్నప్పుడు కాసేపు ఆగి, స్పానర్ పెట్టి తిప్పాడు. వచ్చేసింది. తర్వాత దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఎవడు బిగించాడబ్బాయ్ దీన్ని?" అన్నాడు.

"నేనే బాబాయ్."

ఇంకేం మాట్లాడలేదు. గుంటూరు వాళ్లకి అక్కడి ఆటోనగర్ ఉంది, ఇలాంటి పనికి బండి తోలుకురానక్కర్లేదు, బ్రాకెట్ విప్పి తీసుకెళితే చాలు.

థ్రెడ్ పూర్తిగా పోయిన బెజ్జానికి ముందు 6 ఎంఎం ట్యాప్‌ని (థ్రెడ్ కోసే పనిముట్టు) నూనె వేసి చేత్తో దింపి చూడండి. మురికి మాత్రమే ఉంటే బాగవుతుంది. నిజంగా పోతే అదే లేత్ షాపులో హెలికాయిల్ (బెజ్జంలో కొత్త థ్రెడ్‌గా కూర్చునే తీగ చుట్ట) వేయించండి. పెద్ద సైజు బోల్టు కొట్టించుకోవద్దు. ఆ తర్వాత ప్యానెల్ బెజ్జం కూడా పెద్దది చేయాల్సి వస్తుంది.

స్క్రూతో పాటు నట్టు కూడా తిరుగుతుంటే అది ప్యానెల్ అంచుకి తొడిగిన క్లిప్ నట్టు అయి ఉంటుంది. వెనక నుంచి ముక్కు ప్లైయర్‌తో పట్టుకోండి. రబ్బరు గొట్టంలో ఇత్తడి నట్టు ఉండే రకమైతే, దాని రబ్బరు అంచు కింద సన్నటి బ్లేడు దూర్చి కదలకుండా నొక్కిపట్టి తిప్పండి.

క్లిప్పులు, చెవులు

ప్లాస్టిక్ క్లిప్పులని ప్లైయర్‌తో పీకితే రెండోసారి పనికిరావు. వీటిలో రెండు రకాలు. ఒకదానికి మధ్య పిన్నుని రెండు ఎంఎం లోపలికి నొక్కితే టక్కుమంటుంది, అప్పుడు మొత్తం బయటికి వస్తుంది. రెండోదానికి మధ్య పిన్నుని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపాలి. మొదటి రకాన్ని తిరిగి పెట్టే ముందు పిన్నుని వెనక నుంచి బయటికి తోసి సిద్ధం చేసుకోవాలి. ఇది మరచిపోయి క్లిప్పు పాడైపోయిందని పారేసేవాళ్లని చూశాను. ఆటోనగర్‌లో కార్ బంపర్ క్లిప్పులు గుత్తులుగా అమ్ముతారు, బెజ్జం సైజు కొలుచుకుని కొన్ని తెచ్చి ఇంట్లో ఉంచండి.

ట్యాంక్ పక్కన, తోక దగ్గర స్క్రూ లేకుండా రబ్బరు గ్రోమెట్‌లోకి (బెజ్జంలో ఉండే రబ్బరు వలయం) గుచ్చుకునే ప్లాస్టిక్ మేకులు ఉంటాయి. విరిగేవి ఎక్కువగా ఇవే. ప్యానెల్‌ని పక్కకి వంచి లాగకండి, మేకుకి ఎదురుగా నిటారుగా లాగండి. ఒక చెయ్యి మేకు పక్కనే ఉండాలి. గ్రోమెట్ బిరుసెక్కి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేయండి, మే నెలైతే ఎండలో పది నిమిషాలు పెడితే అదే పని జరుగుతుంది. తిరిగి పెట్టేప్పుడు గ్రోమెట్‌కి సబ్బు నీళ్లు గానీ సిలికాన్ గ్రీజు గానీ రాయండి. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రబ్బరుని ఉబ్బిస్తాయి. వాటర్ సర్వీసింగ్‌లో డీజిల్ కొట్టించే అలవాటు ఉంటే మానేయండి. బండి ఆ రోజుకి తళతళలాడుతుంది, గ్రోమెట్లు మాత్రం ఉబ్బి మెత్తబడిపోతాయి.

విరిగినదాన్ని అతికించడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడ ఎండలో పదేళ్లు నిలబడ్డ ప్లాస్టిక్ పగలడంలో వింతేముంది? ఎవరి తప్పయినా, ఏదో ఒక చెవి విరిగే ఉంటుంది. పాత బళ్లకి కొత్త ప్యానెల్ షోరూంలో దొరకడం మన చేతుల్లో లేదు, దొరికినా ధర వింటే గుండె గుభేలుమంటుంది. కాబట్టి అతికించడం నేర్చుకోవాల్సిందే.

ముందు ప్యానెల్ వెనక చూడండి. ఏబీఎస్ అనో పీపీ అనో ప్లాస్టిక్ రకం పేరు అచ్చు ఉంటుంది. ఏబీఎస్ అయితే మీ పంట పండినట్టే, అది అసిటోన్‌లో కరుగుతుంది. పీపీ కరగదు, ఏ జిగురూ దాన్ని సరిగ్గా పట్టదు. దానికి వేడి చేసిన తీగ స్టేపుల్స్ దింపడమే దారి. అచ్చు లేకపోతే వెనక వైపు ఓ మూల దూదితో అసిటోన్ అద్ది చూడండి. జిగటగా మారితే ఏబీఎస్.

పనికిరాని ఏబీఎస్ ముక్కలు చిన్నచిన్నగా నరికి గాజు సీసాలో వేయండి. మునిగేంత అసిటోన్ పోసి మూత పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి పలచటి దోసెల పిండిలా ఉండాలి. గట్టిగా ఉంటే ఇంకొంచెం అసిటోన్ పోయండి. థర్మోకోల్ కప్పులో కలిపే ప్రయత్నం చేయకండి, కప్పు కూడా కలిసిపోతుంది. కిటికీలు తీసి, పొయ్యి వెలగని చోట చేయండి.

పగులు చివర 3 ఎంఎం బెజ్జం వేయండి. లేదంటే మీరు అతికించాక కూడా పగులు ముందుకి పాకుతుంది. వెనక వైపు వాటర్ పేపర్‌తో గరుకు చేసి, పగులు వెంట వీ ఆకారంలో గాడి తీయండి. ముందు వైపు టేపు వేసి రెండు అంచులూ సమంగా నిలపండి. ఇప్పుడు పేస్టు నింపి, దాని మీద సన్నటి స్టీల్ మెష్ ముక్క పరిచి, మళ్లీ పేస్టు పూయండి. పాత టీ వడపోత జల్లెడ నుంచి మెష్ కోసుకోవచ్చు. ఒకేసారి మందంగా వేస్తే లోపల ఆరదు, పలచగా మూడుసార్లు వేయండి. కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ముట్టుకోకండి. పెయింట్ ఉన్న వైపు ఒక్క చుక్క కూడా పడకూడదు.

చెవి మొత్తం విరిగి పోగొట్టుకుంటే, బెజ్జం చుట్టూ అల్యూమినియం టేపుతో గిన్నెలా కట్టి, అదే పేస్టుని పొరలుపొరలుగా నింపి కొత్త చెవి పోయొచ్చు. ఆరాక డ్రిల్ చేయండి. నా కుడి ప్యానెల్ చెవి ఇలా చేసిందే, చూడ్డానికి మొక్కజొన్న పొత్తులా ఉంటుంది గానీ బలంగా నిలబడింది. ఫెవిక్విక్ వద్దు, అది పెళుసు, వైబ్రేషన్‌కి వారంలో లేచిపోతుంది. ఎంసీల్ కూడా ఇక్కడ నిలవదు.

కొత్త స్క్రూలు

తుప్పు పట్టినవి మళ్లీ పెట్టకండి. హార్డ్‌వేర్ షాపుకి వెళ్లేప్పుడు పాతది జేబులో వేసుకెళ్లండి. ఎక్కువ భాగం 6 ఎంఎం, థ్రెడ్ దూరం 1 ఎంఎం. కొన్ని 5 ఎంఎం, వాటికి 0.8. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. పావు అంగుళం బోల్టు 6.35 ఎంఎం ఉంటుంది, కంటికి 6 ఎంఎంలాగే కనిపిస్తుంది. హడావుడిలో కౌంటర్ అవతల అబ్బాయి అదే ఇస్తాడు. రెండు తిప్పులు వెళ్లి బిగుసుకుంటుంది, మీరు బలం పెడితే బండి థ్రెడ్ పోతుంది. షాపులోనే 6 ఎంఎం నట్టు తీసుకుని వేళ్లతో ఎక్కించి చూశాకే డబ్బులివ్వండి.

స్టెయిన్‌లెస్ స్టీల్ కావాలంటే అయస్కాంతం పట్టుకెళ్లండి. మంచిదైతే దాదాపు అతుక్కోదు. నాకు స్టెయిన్‌లెస్ ఇష్టమే గానీ ఒక షరతు. అల్యూమినియంలోకి వెళ్లే చోట యాంటీ-సీజ్ గ్రీజు (స్క్రూ పట్టేయకుండా ఆపేది) రాయకుండా పెట్టొద్దు. రెండు వేరు వేరు లోహాల మధ్య తేమ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చిన బళ్లకి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అక్కడి నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో కడిగేయండి. బ్రేకుల దగ్గర బోల్టులు మాత్రం కంపెనీ చెప్పినవే వాడాలి, అందం కోసం మార్చకండి.

బిగించడం

ప్యానెల్ బెజ్జంలో రబ్బరు బుష్షు, దాని లోపల ఒక ఇనుప బుష్షు ఉంటాయి. ఆ ఇనుప బుష్షు పోతే బిగింపు బలమంతా ప్లాస్టిక్ మీదే పడుతుంది. నలిగి పగలడం అక్కడే మొదలు. లేకపోతే లేత్‌లో చేయించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

అన్ని స్క్రూలనీ ముందు వేళ్లతో మూడు నాలుగు తిప్పులు మాత్రమే ఎక్కించండి. ఒక్కదాన్ని కూడా పూర్తిగా బిగించకండి. చివరి స్క్రూ బెజ్జం కలవడం లేదంటే మిగతావన్నీ ఇంకా వదులు చేసి ప్యానెల్‌ని జరపండి. స్క్రూడ్రైవర్ గుచ్చి బెజ్జాన్ని లాగితే ఈసారి కలుస్తుంది, వచ్చేసారి పగులుతుంది.

లోహానికి లోహం బిగించే 6 ఎంఎం బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. ప్లాస్టిక్‌ని పట్టే వాటికి అందులో సగం చాలు. ఎలన్ కీ పొట్టి వైపు వేళ్లతో పట్టుకుని తిప్పండి, పిడికిలితో కాదు. వైజర్ స్క్రూలకి నైలాన్ వాషర్ తప్పనిసరి, బిగుతు ఇంకా తక్కువ. స్క్రూలు ఊడకుండా థ్రెడ్‌కి లాక్‌టైట్ జిగురు రాసే అలవాటు ఉంటే, ఫెయిరింగ్ దగ్గర మానుకోండి. ఆ ద్రవం ఏబీఎస్‌ని, వైజర్ ప్లాస్టిక్‌ని పగులుస్తుంది. నీలం రకం మీడియం లాక్‌టైట్ లోపలి బ్రాకెట్లకి మాత్రం బాగుంటుంది. ప్యానెల్ పెట్టకముందే రాసి, ఆరనిచ్చి, తర్వాత ప్యానెల్ బిగించండి.

అన్నీ అయ్యాక హ్యాండిల్ రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి, ఏ వైరూ నలగకూడదు. ఇప్పుడు బండి తీసి కృష్ణ మీది వారధి దాటి గుంటూరు దారిలో కాజ టోల్ దాకా వెళ్లి రండి. ఇంటికి వచ్చి బండి చల్లారాక ప్రతి స్క్రూ మీదా కీ పెట్టి చూడండి. కొత్తగా బిగించినవాటిలో రెండో మూడో పావు తిప్పు తీసుకుంటాయి. ఆ తర్వాత ఇడ్లీ ప్లేటు వైపు చూడండి. ఏదో ఒక గుంటలో ఒక స్క్రూ మిగిలి ఉంటుంది. అదెక్కడిదో ఫొటోలు చూసి కనుక్కుని, దాని కోసం ఎంత విప్పాల్సి వచ్చినా విప్పి పెట్టండి. వానాకాలం అయిపోయాక, దసరా సెలవుల్లో ఒకసారి అన్నీ విప్పి, కొంచెం గ్రీజు రాసి మళ్లీ బిగించండి. అప్పటికి రెండు గంటల పని గంటంబావులో తేలిపోతుంది.